పాలోళ్ల ఇంటి పిల్ల

సైదాబాద్,
ఆదివారం.

అత్తమ్మకు,

కోడలు యశోద నమస్కరించి రాస్తున్నది. ఫోన్‌లో మీరొక మాట, నేను రెండు మాటలు అని అంతా లొల్లిగానే ముగుస్తున్నది. అందుకే ఈ కాగితం రాసి మా తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. స్వీటీని తీసుకుని మా అమ్మ ఇంటికి ఎందుకు వచ్చేశానో ఇప్పటికైనా పూర్తిగా చదవండి.

ఆరేళ్ల పిల్ల ముప్పై ఆరు కిలోలుంది. డాక్టరమ్మ మనందరినీ కూర్చోబెట్టి ఏం చెప్పింది? పిల్లకొక్కదానికే పథ్యం పెడితే లాభం లేదు, ఇంటిల్లిపాదీ ఒకే తిండి తినాలి, కలిసి నడవాలి అని. అక్కడ మీరు తల ఊపారు. బయటికి రాగానే, "పాలోళ్ల ఇంట్ల పిల్ల బక్కగుంటే, పాలల్ల నీళ్లు కలుపుతున్నరంటరు" అన్నారు. పాలు పోయించుకోవడానికి వచ్చేవాళ్లు చూడాలని దుకాణం ముందు కుర్చీ వేసి, చేతికి మీగడ గిన్నె ఇచ్చి కూర్చోబెట్టారు. నా బిడ్డ మీ దుకాణానికి బోర్డా అత్తమ్మా?

నేను గొడవ చేస్తే మీగడ మానిపించారు, కానీ దానికొక్కదానికే. దాని కంచంలో రెండు పుల్కాలు, దోసకాయ ముక్కలు. ఎదురుగా మీకూ మామయ్యకూ మీ అబ్బాయికీ పూరీలు, డబల్ కా మీఠా. మొన్న కొట్టంలో, ఈనిన బర్రెకు పెట్టిన బెల్లం తింటూ దొరికింది. మామయ్య అందరి ముందూ దొంగ అన్నారు. మీరు నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేను. ఆ పిల్ల తినే తిండే ఇంట్లో అందరూ తినేదాకా మేము రాము.

మీ కోడలు,
యశోద

ఉప్పుగూడ,
శుక్రవారం.

బిడ్డా యశోదా,

నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో. నీ ఉత్తరం అన్నాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. మామయ్య లేచిపోయారు. మీ ఆయన తల ఎత్తలేదు. నవ్వినందుకు నాకు సిగ్గుగా ఉంది. సోమవారం నుంచి మా అందరికీ జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. మామయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగో రోజు ఇంకో రొట్టె అడిగారు. కుర్చీ కూడా తీసేశాను. పాల మీద అనుమానమున్నవాళ్లు లాక్టోమీటర్ పెట్టి చూసుకుంటారు.

ఇప్పుడు నా కోపం విను. నిన్న స్వీటీకి ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగాను.

"నాకు పుల్కా నాయినమ్మా. మమ్మీ వంటింట్ల తలుపేసుకొని సమోసాలు తింటది. నేను బయటనే కూసుంట. వాసనొస్తది" అన్నది.

ఎదురుగా తిన్న మేము పాపిష్టివాళ్లం, సరే. తలుపేసుకుని తింటే పుణ్యమా? మేము చూపించి చేసింది నువ్వు దాచి చేశావు, అంతే తేడా. ఆ పిల్ల మాత్రం రెండిళ్లలోనూ ఒంటరిగానే ఉంది.

నిన్ను రమ్మనడం లేదు. రేపు పొద్దున నేనే సైదాబాద్ దాకా నడిచి వస్తాను. మోకాళ్లు నొచ్చినా సరే. మన ముగ్గురికీ రొట్టెలు కట్టుకొస్తాను, దాని పక్కన కూర్చుని తిందాం. తిన్న తర్వాత ఇద్దరం దానికి తప్పయిందని చెబుదాం. ముందు నేను చెబుతాను.

నీ అత్తమ్మ,
లలితమ్మ