బురుల్కాన్ ఎజె పదకొండేళ్లు

మార్చి 12, మంగళవారం

రంజాన్ కదా, మా వీధిలో నలభై ఇళ్లకు పిండి బస్తాలు పంచాను. మేనకోడలు వీడియో తీసింది. నా ముఖం కాస్త లావుగా వచ్చింది.

లెక్కలు చూసే తలాయ్ ట్యాక్స్ కాగితాలు తెచ్చాడు. నా కుట్టు షాపులో ముప్పై ఒక్కమంది ఆడవాళ్లు. కాగితం మీద ఆరుగురే. మిగతా వాళ్ల ట్యాక్సూ పెన్షన్ సొమ్మూ కట్టను. ఈ బిష్కెక్ ఊరు మొత్తంలో ఎవరు కడుతున్నారు గనక! ఆఫీసులో కట్టింది ఎవరి బొజ్జలోకి పోతుందో దేవుడికే తెలియాలి. నా చేత్తో ఇచ్చింది పేదవాడి నోట్లోకి పోతుంది. ఈ మాట ఎక్కడైనా గట్టిగా చెప్తాను.

మార్చి 18, సోమవారం

కాలర్లు కుట్టే బురుల్కాన్ ఎజెకి యాభై ఎనిమిది నిండాయి, పని మానేసి పెన్షన్ పుచ్చుకునే వయసు. నాకంటే ఆరేళ్లు పెద్ద, అందుకే ఎజె, అంటే అక్క అంటాను. పెన్షన్ ఆఫీసుకు వెళ్లొచ్చి, నా పని పుస్తకం ఇవ్వు ఉమ్సునాయ్, నేనెక్కడెక్కడ ఎన్నేళ్లు చేశానో చూస్తారట అంది. రేపిస్తానన్నాను.

మార్చి 19, మంగళవారం

పుస్తకం బీరువాలోనే ఉంది. చేరిన రోజు తనిచ్చింది, నేనే వెల్వెట్ గుడ్డలో చుట్టి దాచాను. అంత భద్రంగా దాచిన దాన్ని ఒక్కసారీ తెరవలేదు. పాత ఫ్యాక్టరీ ముద్ర తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. నా దగ్గర పదకొండేళ్లు చేసిన మనిషి, పుస్తకం ప్రకారం పదకొండేళ్లుగా ఖాళీగా కూర్చుంది.

మార్చి 20

శాలువా కొన్నాను. ఖరీదైనదే.

మార్చి 24, ఆదివారం

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఉన్నదున్నట్టు రాసేస్తాను.

షాపు వాళ్లందరికీ మా ఇంట్లో ఇఫ్తార్ పెట్టాను. గొర్రెను కోయించాను. అందరూ తిన్నాక బురుల్కాన్ ఎజెకి శాలువా కప్పి, చేతిలో డబ్బు కవరు పెట్టాను. పుస్తకం పెట్టలేదు. పుచ్చుకున్న పెద్దవాళ్లు అరచేతులు చాచి బాతా ఇవ్వాలి, దీవెనన్నమాట. ఇవ్వకుండా ఎవరూ లేవరు. అది నాకు తెలుసు. అందుకే అందరి ముందూ పెట్టుకున్నాను.

ఆవిడ చేతులు చాచింది. అందరం చాచాం. దీవెనకు బదులు, అమ్మాయ్, నేను దానమడిగానా, నా పదకొండేళ్లడిగాను అంది. ఈ కవరు నీ మనసు బాగున్నన్నాళ్లే వస్తుంది, నీకు కోపమొచ్చినా, నువ్వు చచ్చినా ఆగనిది ఒకటుందటగా, అది కావాలి నాకు అంది. గొంతు పెంచలేదు.

తర్వాత దీవెన ఇచ్చింది. ఇక్కడున్న ఈ పిల్లల ఏళ్లయినా పుస్తకాల్లోకి ఎక్కాలి అంది. ముప్పై మందీ ఓమిన్, అంటే ఆమీన్ అని, చాచిన అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. నేనూ అన్నాను. ముఖం మీద పెట్టుకున్న చేతులు ఎంతసేపటికీ తీయబుద్ధి కాలేదు.

మార్చి 25

మేనకోడలు ఇఫ్తార్ వీడియో గ్రూపులో పెట్టేసింది. మాటలు సరిగా వినపడటం లేదు. శాలువా మాత్రం బాగా కనపడుతోంది. ఎంత పెద్ద మనసు ఎజె నీది అని ఊరంతా హార్టులు పెట్టారు. థ్యాంక్స్ అని రాశాను.

ఛీ.

ఏప్రిల్ 2, మంగళవారం

ఆ పదకొండేళ్లూ రాయిద్దామని పుస్తకం పట్టుకుని పెన్షన్ ఆఫీసు గుమ్మం దాకా వెళ్లాను. సంగతి తెలిసి తలాయ్ ఫోన్ చేశాడు. ఒక్కామెది రాస్తే అందరివీ తవ్వుతారు, ఆ ఫైన్ డబ్బుతో మసీదు కట్టించు ఎజె, పుణ్యమైనా దక్కుతుంది అన్నాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. అలా నవ్వుకుంటూనే ఇంటికొచ్చేశాను.

ఏప్రిల్ 8, సోమవారం

బురుల్కాన్ ఎజె మళ్లీ పనిలోకి వచ్చింది. వచ్చే పెన్షన్ చలికాలం పొయ్యిలోకి బొగ్గులకు కూడా చాలదట. కళ్లు ఆనడం లేదు. సాయంత్రం దాకా పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. వెళ్లేటప్పుడు, నేను పోయేదాకా ఎక్కిస్తావా ఉమ్సునాయ్ అని అడిగింది. వినపడనట్టు దారపు రీళ్లు సర్దుకుంటూ ఉండిపోయాను.