ఏడో నంబరు గడియారం, మూత లోపలి గీతలు

ఈ నెల పన్నెండో తేదీ సోమవారం, మధ్యాహ్నం రెండూ నలభైకి, నా దగ్గరున్న ఏడో నంబరు చేతి గడియారం వెనక మూత తెరిపించాను. లోపల గీసి ఉన్న తేదీ, విమానం కూలిన మూడు రోజుల తర్వాతిది. ఈ వీలునామా ఇంత తొందరగా రాయడానికి కారణం అదే.

నాకు డెబ్బై ఒకటో ఏడు. ముప్పై ఆరేళ్ళు వార్తాపత్రికలో విలేకరిగా పనిచేశాను. భార్య గతించింది. సంతానం లేదు. ఈ కాగితం నా చేత్తో నేనే రాస్తున్నాను. ఒకరు చెప్పి రాయించడం లేదు. బెదిరించి ఆపినవాళ్ళూ లేరు, ఇప్పటివరకు. బుద్ధి నిలకడగా ఉందని నాకు నేను చెప్పుకుంటే చెల్లదు కనుక నిన్న డాక్టరు చేత పరీక్ష చేయించుకున్నాను. రక్తపోటు, గుండె, జ్ఞాపకశక్తి సరిగా ఉన్నాయని ఆయన ఇచ్చిన రిపోర్టు దీనికి జతపరిచాను. రాబోయే పది రోజుల్లో నేను పోతే, గుండెపోటు అని రాసేముందు ఆ రిపోర్టు చదవాలి.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా వీధి చివర మేడ మీద ఆఫీసున్న లాయరు గారిది. ఆయనకు మాటలు తక్కువ, తాళాలు ఎక్కువ. రెండూ చూసే ఎంచుకున్నాను.

2. నా స్వార్జితమైన ఈ రెండు గదుల వాటా, అందులోని సామానుతో సహా, మా వదినకు సర్వహక్కులతో చెందాలి. ఇప్పుడు ఆమె కొడుకు దుకాణం మీది గదిలో ఉంటోంది. అక్కడ ఉండలేని రోజు వస్తే ఇక్కడికి రావచ్చు. రావాల్సిన రోజు దగ్గర్లోనే ఉందని నా అంచనా. వీధి తలుపుకి నిన్ననే కొత్త గొళ్ళెం వేయించాను.

3. నా దగ్గర ముప్పై ఒక్క గడియారాలున్నాయి, వరస నంబర్లు నేను వేసుకున్నవి. అన్నీ విమాన కంపెనీలవే. వీటి విలువ తెలియని వారసులు తూకానికి అమ్ముతారు, తెలిసినవాళ్ళు జుట్లు పట్టుకుంటారు. అందుకని నాలుగు ముక్కలు చెబుతాను.

ఇవి అంగట్లో అమ్మినవి కావు. కంపెనీ తన పైలట్లకూ సిబ్బందికీ ఇచ్చినవి. డయల్ మీద కంపెనీ గుర్తు ఉంటుంది, వీపున ఉద్యోగి నంబరు ఉంటుంది. కొన్నిటికి అదనంగా ఇంకో ముల్లు. బయల్దేరిన చోటి టైము ఒకటి, దిగే చోటి టైము ఒకటి. ఉద్యోగం మానితే తిరిగి అప్పగించాలి. అందుకే బయట కనబడవు. కంపెనీ మూతపడితే స్టోరు గదిలో తాళం వెనక ఉండిపోతాయి. కొనేవాడు మొదట చూసేది మెరుపు కాదు, గీతలు. మెరుగు పెట్టిన గడియారానికి సగం విలువ పోయినట్టే. మూత అసలు తెరవనిదైతే దాని ముందు క్యూ కడతారు. ఏడో నంబరును నేను పదకొండేళ్ళు తెరవనిది ఈ మోజుతోనే. స్నేహితులకు చూపించి, కంపెనీ సామాను వేలంలో దక్కించుకున్న వైనం చెప్పుకుని మురిసిపోయాను. లోపలేముందో చూడాలని నాకు తట్టలేదు. విలేకరికి తట్టాల్సింది.

4. రెండో నంబరు, ఎయిర్ హోస్టెసులు గుండె మీద తలకిందులుగా పెట్టుకునే చిన్న గడియారం, మా వదినకు. అన్నయ్య పెళ్ళయిన కొత్తలో గడియారానికి కీ ఇవ్వడం నేర్పింది ఆమే. ‘ఇరవై తిప్పులు చాలయ్యా, ఇరవై ఒకటోది ఆశ’ అనేది. వదినా, ఆరో నిబంధన నీకు ఎవరో చదివి వినిపించేలోగా నేనే వచ్చి చెప్పాలనుకున్నాను. రెండుసార్లు మీ మెట్ల దాకా వచ్చి తిరిగిపోయాను.

5. రెండూ ఏడూ కాక మిగిలిన ఇరవై తొమ్మిదీ మా అన్న కొడుక్కి. వాడు పాత గడియారాల వ్యాపారి, వాటి విలువ వాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. పద్నాలుగో నంబరు నాకు అమ్మింది వాడే. దాని డయల్ మీది విమానం రెక్కకు కొత్త రంగు వేశారని ఆ రోజే కనిపెట్టాను. కుర్రాడి మొదటి బేరం కదా అని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. ఈ నిబంధనకు ఒక షరతు: ఏడో నంబరు గురించి వాడు కోర్టుకెక్కితే ఈ ఇరవై తొమ్మిదీ లాయరు గారు వేలం వేయించి, వచ్చింది వదినకు ఇవ్వాలి.

6. ఏడో నంబరు గడియారం, దాని మూతతో, మూత లోపలి గీతలతో సహా, ఆ విమానం నడిపిన పైలట్ కూతురికి చెందాలి. ఆమె ఇప్పుడు లెక్కల టీచరు. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, డిసెంబరు ఆరున, కంపెనీ సొంత రన్‌వేకి దిగబోతూ ఆ విమానం కూలింది. నలభై ఒక్కమంది పోయారు, పైలట్‌తో సహా. ఆ సాయంత్రం ఏడూ పన్నెండు నుంచి ఏడూ ఇరవై ఆరు దాకా రన్‌వే దీపాలు ఆరిపోయాయి. ఈ సంగతి కంపెనీ కూడా ఒప్పుకుంది. దీపాలు లేనప్పుడు కూలితే తప్పు కంపెనీది. వచ్చాక కూలితే పైలట్‌ది. టవర్లో మాటలు రికార్డు చేసే టేపు ఆ పూట పనిచేయలేదు. మిగిలిన సాక్ష్యం పైలట్ చేతి గడియారం ఒక్కటే, ఈ ఏడో నంబరే. విచారణలో దాన్ని బల్ల మీద పెట్టారు. ముళ్ళు ఏడూ ముప్పై ఒకటి దగ్గర ఆగి ఉన్నాయి.

మర్నాడు మా పత్రిక మొదటి పేజీలో ఆ వార్త నేను రాశాను. శీర్షిక: ‘దీపాలున్నాయి, పైలటే చూడలేదు’. చివర ప్రశ్నార్థకం లేదు. అది డెస్కు తీసేసింది కాదు, నేనే పెట్టలేదు. పోయినవాళ్ళ బంధువులు పైలట్ ఇంటి మీద రాళ్ళు వేశారు. ఆ కుటుంబం మూడు ఊళ్ళు మారింది. కొన్నేళ్ళకు కూతురు మా ఆఫీసుకొచ్చింది. ‘మా నాన్న నడిపిన విమానం సంగతి నాకు తెలియదండీ. దీపం లేని చోట బండి కూడా దింపని మనిషి’ అంది. టీ ఇప్పించి పంపేశాను.

ఇప్పుడు మూత సంగతి. మా అన్నయ్య ఆ కంపెనీ వర్కుషాపులో గడియారాల మెకానిక్. అక్కడొక పద్ధతి ఉండేది. సిబ్బంది గడియారం చేతికొస్తే, పని ముగించాక మూత లోపల మూడు గీయాలి: తేదీ, మెకానిక్ గుర్తు, ముళ్ళను ఎన్ని నిమిషాలు ముందుకో వెనక్కో జరిపారో ఆ లెక్క. అన్నయ్య గుర్తు గాలిపటం, తోకకు రెండు ముడులు. ఏడో నంబరు మూత లోపల గాలిపటం ఉంది. తేదీ డిసెంబరు తొమ్మిది. పక్కన పన్నెండు, దాని ముందు కూడిక గుర్తు.

ఏడూ ముప్పై ఒకటిలోంచి పన్నెండు తీస్తే ఏడూ పంతొమ్మిది. అప్పటికి రన్‌వే మీద దీపాల్లేవు.

కీ ఇచ్చే బుడిపె ప్రమాదంలో విరిగిపోవడంతో ముళ్ళు జరపాలంటే మూత తీయక తప్పలేదు. మూత తీశాడు, జరిపాడు, మూసేముందు రోజూ గీసినట్టే గీశాడు. దొంగపని చేస్తూ రసీదు రాసిపెట్టినట్టు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటారు. ఇది పనితో వచ్చిన బుద్ధి, అదీ పుడకలతో గానీ పోదు. వదినకు తొడిగిన ఉంగరం లోపల కూడా గాలిపటం, తేదీ గీసినవాడు అతను. ‘నన్నూ రిపేరుకి వచ్చిన సరుకనుకున్నాడు’ అని ఆమె నవ్వేది. ఆ ఉంగరాన్ని ఎవరూ సాక్ష్యంగా అడగకూడదు, ఇది నా ఆజ్ఞ. నా దగ్గరున్న నాలుగు, తొమ్మిది, ఇరవై రెండు నంబర్ల మూతలతో పోల్చి చూశాను. గీత ఒకటే. అది చాలు.

అన్నయ్య ఎందుకు చేశాడో నాకు తెలియదు. ఆ నెలాఖరుకు హెడ్ మెకానిక్ అయ్యాడు. ఇంతవరకు వాస్తవం, తక్కినది ఊహ. నాలుగేళ్ళ కిందట పోయాడు, అడగడానికి లేడు.

పోయేముందు కొడుక్కి చెప్పాడని నా నమ్మకం. వాడి దుకాణం బోర్డు మీద ఉన్నది ఆ గాలిపటమే. ‘మా నాన్న గీత ఉన్న గడియారానికి అనుమానం అక్కర్లేదు’ అని చెప్పి అమ్ముతాడు. కిందటి నెలలో మూడుసార్లు అడిగాడు. ‘బాబాయ్, ఏడో నంబరు లోపల తుప్పు పడుతుంటుంది. ఇలా ఇవ్వు, మూత లోపల మెరుగు పెట్టి అరగంటలో తెచ్చేస్తా.’ మెరుగు పెట్టకూడదని నాకు నేర్పిందే వాడు. గుమ్మడికాయ దొంగ ఎవరని నేను అడగకముందే భుజాలు తడుముకున్నాడు. అందుకే తెరిపించాను.

తెరిచిన సంగతి సోమవారానికి ఇద్దరికే తెలుసు: నాకు, మూత తీసిన మెకానిక్‌కి. మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు, అప్పట్లో ఆ కంపెనీ ఆపరేషన్స్ అధికారిగా ఉన్న పెద్దమనిషి ఫోను చేశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత. ‘ఏమోయ్, బతికే ఉన్నావా? ఈ వయసులో పాత సామాన్లు కదపకు. దుమ్ము కళ్ళల్లో పడుతుంది’ అన్నాడు. నవ్వాడు. నేను నవ్వలేదు. సాయంత్రం అన్న కొడుకు ఫోను చేశాడు, ఈసారి తుప్పు మాట ఎత్తలేదు.

మూత ఫోటోలు తీయించాను. కానీ ఫోటోలో గీత ఎవరైనా గీయవచ్చంటారు. చెల్లేది లోహమే. గడియారాన్ని నిన్న సాయంత్రం లాయరు గారి ఇనప్పెట్టెలో పెట్టి రసీదు తీసుకున్నాను. ఇంట్లో ఉన్నది ఖాళీ డబ్బా. ఈ సంగతి అన్న కొడుక్కి తెలియదు.

గమనిక, పైలట్ కూతురికి: అమ్మా, ఈ గడియారం అమ్మదలిస్తే చాలా ఎక్కువే పలుకుతుంది. అమ్మినా తప్పు లేదు. విచారణ మళ్ళీ తెరిచి మీ నాన్నగారి మీద వేసిన తప్పు కొట్టేసే దాకా మాత్రం చేతి నుంచి వదలవద్దు. సర్వీసుకని ఎవరికీ ఇవ్వవద్దు.

7. నా పాత పత్రిక సంపాదకుడికి ఒక కవరు. అందులో సవరణ ఉంది, ఎనభై నాలుగు మాటలు. మొదటి పేజీలోనే వేయాలి. ఒక్క మాట కూడా కత్తిరించవద్దని మనవి. జీవితంలో మొదటిసారి ఇలా అడుగుతున్నాను.

8. శుక్రవారం ఉదయం పదకొండింటికి లాయరు గారి ఆఫీసులో, పైలట్ కూతురి ఎదుట, ప్రభుత్వ నిపుణుడు మూత తెరిచి గీతలు నమోదు చేస్తాడు. నేను ఉన్నా లేకపోయినా అది వాయిదా పడకూడదు.

పద్నాలుగో తేదీ బుధవారం, మధ్యాహ్నం మూడూ ఇరవై. మా ఇంటి ముందు గదిలో.

(సంతకం) వీలునామా రాసినవాడు

సాక్షులు:
1. నన్ను పరీక్షించిన డాక్టరు (సంతకం)
2. కింది వాటాలో ఉండే టైలరు (సంతకం)

సాక్షులు ఈ కాగితాన్ని తీసుకుని మూడున్నరకు బయల్దేరి, నేరుగా లాయరు గారికి అప్పగిస్తారు. నాలుగింటికి అన్న కొడుకు డబ్బా కోసం వస్తానన్నాడు. వెంట ఇంకొకరు ఉంటారన్నాడు, ఎవరో చెప్పలేదు.