మూత తుడిచిన మహాతల్లి

మార్చి 9, సోమవారం

చిరంజీవి మనవరాలికి,

కారు ఎందుకు వేడెక్కుతోందో నిన్న తెలిసింది కాబట్టి ఈరోజే రాస్తున్నాను. నువ్వు నడిపే తీరు వల్లే ఇంజను మాడుతోందని తాళాలు లాక్కున్నాను. నువ్వు అలిగి పిన్ని ఇంటికి వెళ్లి పన్నెండు రోజులైంది.

మెకానిక్ రేడియేటర్, గొట్టాలు, పంపు అన్నీ పరీక్షించాడు. ఎక్కడా చుక్క కారలేదు. చివరికి రేడియేటర్ మూత చూసి, "మామ్మగారూ, ఈ రబ్బరు ఇలా ఉబ్బిందేంటి? కిరోసిన్ పెట్టి తుడుస్తున్నారా ఎవరైనా?" అన్నాడు.

"నేనే. రోజూ పొద్దున్నే మూత తీసి, కూలెంట్ కొలిచి, శుభ్రంగా తుడిచి పెడతాను," అన్నాను గర్వంగా.

"అందుకే మూత బిగుసుకోవట్లేదు. ఇంజను వేడెక్కగానే కూలెంట్ అక్కడినుంచే ఆవిరైపోతోంది. మీరు ముట్టుకోకపోతే బండికి ఏ రోగమూ లేదు," అన్నాడు.

ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. నలభై రోజుల కొలతల్లో ఒక్క అంకె తప్పలేదు. ఆ కొలవడమే కొంప ముంచింది.

ఇక జరగవలసినవి:

1. కొత్త మూత జోలికి నేను పోకూడదు.
2. శనివారం నువ్వు ఇంటికి రావాలి. తాళాలు నీ బల్ల మీద పెట్టాను.
3. వచ్చాక నన్ను తిట్టాలి. పావుగంట సరిపోతుందనుకుంటాను.

నీ నాయనమ్మ