పెంటదిబ్బ వెచ్చదనం

స్పితి లోయ,
నవంబరు 2005.

ప్రియమైన బాలమ్మకు,

నీ ఉత్తరం చేరింది. ఆడపిల్ల పుట్టిందని చదివి, ఎవరికి చెప్పాలో తెలియక కంచర గాడిదలకు చెప్పాను. ఇప్పుడు నాతో ఉన్నవి అవే. నవ్వకు, నిజంగానే చెప్పాను.

మంచు పడటం మొదలవగానే ఈ హిమాలయాల్లో రోడ్డు పని ఆపేశారు. మన పాలమూరు గుంపంతా లారీలెక్కి కిందికి దిగిపోయింది. దారి లేని చోటికి సిమెంటూ ఇనుమూ మోసే కంచర గాడిదలను మాత్రం కొండ మీదే ఉంచేశారు. వాటిని కిందికి తోలితే మళ్లీ ఎక్కించడం కష్టమట. కాపలాకు ఒక మనిషి కావాలన్నారు. నర్సింహులు మేస్త్రీ గుంపంతా కలయజూసి నా భుజం మీద చెయ్యేశాడు. "దేవదాసూ, నీకు గొడ్లంటె పానం. నువ్వుండు. ఎండకాలం దాంక వీటిని బతికియ్యి. మంచు కరిగినంక మొదటి లారీల నిన్నే ఎక్కిస్త" అన్నాడు. అందరి ముందర అన్నాడు కాబట్టి మాట తప్పడనే అనుకుంటున్నాను.

తిండికి కొదవ లేదు. తిప్పలంతా నీళ్లతోనే. కరెంటు తీగలు ఇంత పైకి రాలేదు. పని నడిచినన్నాళ్లూ జనరేటరు ఉండేది, దాన్నీ తీసుకుపోయారు. వాగు నుంచి మోసుకొచ్చి డ్రమ్ములో పోస్తే, నేను గంజి కాచుకునేలోపే పైన గట్టిపడుతుంది. తెల్లారేసరికి డ్రమ్మంతా రాయి. గడ్డపారతో పగలగొడతాను. గాడిదలు ఆ ముక్కల మధ్య మూతి పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కుంటాయి. నీళ్లు సరిగ్గా తాగకపోతే ఎండుగడ్డి కడుపులో అడ్డంపడుతుంది. మొన్న ఒకటి నేల మీద పడి దొర్లింది. దాన్ని లేపి, నడిపించి నడిపించి బతికించాను. నీళ్లు కాచి పోద్దామంటే కట్టెలు నా గంజికే చాలవు.

ధరూర్‌లో నీళ్లు లేక ఏడ్చాం. ఇక్కడ నీళ్లుండీ ఏడుస్తున్నాను చూడు.

బిడ్డకు ఏం పేరనుకున్నారు? ముక్కు ఎవరిది? నీ ఒంట్లో ఎలా ఉంది? అన్నీ రాయి.

నీకు దూరంగా, నీ ధ్యాసలోనే ఉన్న
దేవదాసు.


ధరూర్,
డిసెంబరు 2005.

ప్రియమైన గాడిదల దొరకు,

ఇక్కడ అందరం బతికే ఉన్నాం. అంతకన్నా మంచి మాట నువ్వొచ్చాక రాస్తాను.

బిడ్డ పుట్టిన కబురు గాడిదలకు చెప్పుకున్న తండ్రివి లోకంలో నువ్వొక్కడివే. మా అమ్మకు చదివి వినిపిస్తే కడుపు పట్టుకొని నవ్వింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. నొప్పులు మొదలైతే మా అన్న దేవరాజు ఆటో మాట్లాడి గద్వాల దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడుగునా గుంతలే. ప్రతి గుంతకూ నిన్నే తిట్టుకున్నాను, నీకు ఎక్కిళ్లు రాలేదా? పాస్టరు గారు ప్రార్థన చేసి మనీషా అని పేరు పెట్టారు. ముక్కు నీదే, పాపం.

ఇక నీ నీళ్ల సంగతి. నువ్వు కొట్టంలో పుట్టి పెరిగినవాడివేనా అసలు? పెంటదిబ్బ మరిచిపోయావా? చలికాలం పొద్దున దిబ్బ తవ్వుతుంటే పొగలు లేచేవి. ఎరువు తోలేనాడు చెప్పుల్లేకుండా దిగి, "అబ్బో, కాలుతున్నదే!" అని ఎగిరావు. నేను నవ్వానని ఆ పూట అన్నం కూడా తినలేదు. ఆ వేడి గాడిదల పెంటకు మాత్రం ఉండదా?

కొట్టం లోపల ఒక మూలన రాళ్లు గుండ్రంగా పేర్చు. అడుగున పచ్చి పెంట, తడిసిన చెత్తగడ్డి కలిపి మెత్తు. మధ్యలో డ్రమ్ము నిలబెట్టి చుట్టూ మెడ దాకా కూరు. మరీ గట్టిగా తొక్కకు, గాలి ఆడకపోతే వేడి పుట్టదు. పైన చెక్కమూత, దాని మీద గడ్డి కుక్కిన గోనెసంచి. గాడిద మూతి పట్టేంత సందు ఉంచితే చాలు. చల్లబడిన పెంట తీసేసి కొత్తది వేస్తూ ఉండు. నీ గాడిదలు పేడ వేయడం మానవు కదా.

అవి బతకాలి, నువ్వు రావాలి. నాకు కావలసింది అంతే. బిడ్డ లేచింది, ఉంటాను.

నీ ముక్కును ఒళ్లో పెట్టుకొని కూర్చున్న
బాలమ్మ.


స్పితి లోయ,
ఫిబ్రవరి 2006.

ప్రియమైన బాలమ్మకు,

నీ కాళ్లు ఇటు చాపు, మొక్కుతాను!

నువ్వు రాసినట్టే చేశాను, ఒక్కటి తప్ప. మొదట వేడి పుట్టలేదు, తొక్కి తొక్కి గట్టిచేశాను కదా, నా తొందర. మళ్లీ విప్పి గుల్లగా వేశాను. మర్నాడు పెంటలోకి చెయ్యి పెడితే నువ్వు పొయ్యి మీది కుండ పట్టుకొని ఉలిక్కిపడినట్టు ఉలిక్కిపడ్డాను. బయట చెంబులో నీళ్లు రాయి, లోపల డ్రమ్ములో నీళ్లు నీళ్లే. సందు దగ్గర మీగడంత పొర కడుతుంది, గాడిద ఊదితే పోతుంది.

ఇప్పుడు వరుస కట్టి తాగుతున్నాయి. వాటిలో మూతి నెరిసిన ముసలిది ఒకటుంది, దొరసాని అని పిలుస్తాను. ముందు అది తాగాలి, తర్వాతే మిగతావి. మధ్యలో ఎవరైనా దూరితే చెవులు వెనక్కి పెట్టి, మీ అమ్మ నన్ను చూసినట్టు చూస్తుంది. ఈ మాట ఆమెకు చదివి వినిపించకు.

చలికి నేను కూడా ఆ దిబ్బకు వీపు ఆనించి కూర్చుంటున్నాను. వాసనంటావా, నా వాసనే దానికి పడటం లేదేమో. కంపెనీ మేనేజరు మొన్న మందీ మార్బలంతో పైకి వచ్చాడు. ఈసారి సగం గాడిదలైనా పోతాయి అనుకున్నాడట. మూత తీసి చూసి, వేలు ముంచి, నన్ను దగ్గరికి పిలిచి వీపు తట్టాడు. ఉపాయం నీదని చెప్పాను, "మేరీ బీవీ" అని, అంటే నా పెళ్లామని. అందరూ చప్పట్లు కొట్టారు.

మంచు కరగడమే ఆలస్యం. మనీషాను ఎలా ఎత్తుకోవాలో ఒక గోనెసంచిని పట్టుకొని నేర్చుకుంటున్నాను.

మొదటి లారీ కోసం చూస్తున్న
దేవదాసు.


ధరూర్,
అక్టోబరు 2006.

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను,

మంచు కరిగింది. ఎండాకాలం పోయింది. వానలూ పోయాయి. నువ్వు "వస్తున్నా, కొంచెం ఆగు" అని మూడు ముక్కలు రాసిన కార్డు తప్ప నాకు ఏమీ అందలేదు. గుంపులో అందరూ వచ్చారు, విత్తనాలు వేసుకున్నారు, పల్లీ పీకి మళ్లీ వేరే చోటికి పనికి పోవడానికి మూటలు కూడా కట్టుకున్నారు. వాళ్ల పెళ్లాలు బీచుపల్లి వంతెన దాకా వెళ్లి సాగనంపి వస్తుంటే నేను తలుపు వేసుకొని కూర్చున్నాను.

నర్సింహులు మేస్త్రీ వాకిట్లోకి వచ్చి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "మొదటి లారీ అంటివి గదనే, ఏడున్నది నీ లారీ?" అని అడిగాను. "ఏం జెయ్యాలె బాలమ్మా, నీ మొగడు లేకుంటె ఆ గాడిదలు ఒక్క చలికాలం గూడ ఉండయంట. మేనేజరు ఇడుస్తలేడు. గంత పనిమంతుడాయె, సంతోషపడు" అన్నాడు. చీపురు తీశాను. అన్న అడ్డం వచ్చాడు కాబట్టి బతికిపోయాడు.

మనీషా గోడ పట్టుకొని నిలబడుతోంది. నీ ఫొటో చూపించి "నాయిన, నాయిన" అని నేర్పించాను. నేర్చుకుంది. మొన్న మా అన్న మోటారుసైకిలు దిగుతుంటే రెండు చేతులూ చాపి "నాయిన" అంది. అన్న నా ముఖం చూసి, బిడ్డను ఎత్తుకోకుండానే వెళ్లిపోయాడు. నేను బిడ్డ వీపు మీద ఒకటి వేశాను. అది ఎందుకో తెలియక ఏడ్చింది. నాకు మాత్రం తెలుసు.

వస్తావా, రావా? ఒక్క మాట రాయి. మిగతా కబుర్లు నాకొద్దు.

బాలమ్మ.


స్పితి లోయ,
నవంబరు 2006.

ప్రియమైన బాలమ్మకు,

బిడ్డను కొట్టకు. నన్ను తిట్టు, పడతాను.

రావాలని లేక కాదు, రానివ్వడం లేదు. చెక్‌పోస్టు దాటాలంటే పాసు కావాలి. నా పాసు మేనేజరు బీరువాలో ఉంది. ఎండాకాలంలోనే అడిగాను. "పని మధ్యలో ఎలా" అన్నాడు. వానాకాలంలో అడిగితే కొండచరియలు విరిగాయి, దారి లేదన్నాడు. ఇప్పుడు మంచు పడుతుంటే అడిగాను. నవ్వి, నువ్వు పోతే ఆ దిబ్బ ఎవరు చూస్తారు అన్నాడు. ఈసారి ఇంకా కొన్ని గాడిదలను తెచ్చారు. ఈ చలికాలమే కాదు, ప్రతి చలికాలమూ నువ్వే అన్నాడు. అదేదో మంచి మాటలా చెప్పాడు, నేను సంతోషించాలన్నట్టు.

బాలమ్మా, నిన్ను అనడం లేదు. కానీ ఒక్కడినే కూర్చున్నప్పుడు అనిపిస్తుంది. మొదటి చలికాలం నాలుగు గాడిదలు పోయి ఉంటే నన్ను పనికిరానివాడని తోలేసేవారు. నువ్వు చెప్పిన ఉపాయం పనిచేసింది. అది పనిచేసినన్నాళ్లూ నేను ఇక్కడే.

మనీషాకు నా ఫొటో ఇంక చూపించకు. ఆ ఫొటోలో మనిషిలా కూడా ఇప్పుడు లేను.

దేవదాసు.


ధరూర్,
డిసెంబరు 2006.

ప్రియమైన నా పెనిమిటికి,

ఉపాయం చెప్పింది నేనే. ఇప్పుడు వాపసు తీసుకుంటున్నాను.

నీళ్లను గడ్డకట్టనివ్వు. పెంట తీసి బయట పారెయ్యి. పోయేవి పోనీ. ఇంక నాకు చేతకావడం లేదు, దిబ్బ వేడెక్కడం లేదు అని చెప్పు. పనికిరానివాడివని వాళ్లే నిన్ను తరిమేయాలి. నీకు మనసు ఒప్పదని తెలుసు. నోరులేని జీవాలని నాకూ తెలుసు, గొడ్ల మధ్య పెరిగినదాన్నే. పాపమైతే నా పేరున రాయమని దేవుణ్ని అడుగు. నేను మోస్తాను.

మనీషా నడుస్తోంది. ఎవరి వైపు నడవాలో దానికి తెలియడం లేదు.

వాటినే చూసుకుంటావో, మమ్మల్ని చూస్తావో నువ్వే తేల్చుకో.

బాలమ్మ.


పూహ్,
ఫిబ్రవరి 2007.

ప్రియమైన బాలమ్మకు,

వస్తున్నాను. పాసు చేతికి వచ్చింది. కింద దారి మీద మంచు తీస్తున్నారు, తీసేదాకా కొండ దిగే దారిలోని ఈ ఊళ్లో ఆగాలి. ఉత్తరం ముందు చేరుతుందో నేనే ముందు చేరతానో తెలియదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది నీ ఎదురుగా కూర్చొని చెప్పలేను.

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు నువ్వు చెప్పింది చేయలేదు. పెంట మారుస్తూనే ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం మాత్రం, మనీషా ఎవరి వైపో నడుస్తున్నట్టు అనిపించి, పార తీసుకొని మొత్తం తోడేశాను. వేడి పెంట మంచులో పడి కాసేపు పొగలు కక్కి ఆగిపోయింది. సాయంత్రానికి డ్రమ్ము బిగిసింది.

అవి తాగడానికి వచ్చాయి. మూతి పెట్టాయి, నాకాయి. తర్వాత నా దగ్గరికి వచ్చి వీపు మీద మూతులతో తోశాయి. వాటి లెక్కలో నీళ్లంటే నేనే కదా. గడ్డపార గోడకు ఆనించి ఉంది, నేను దాన్ని ముట్టుకోలేదు. కొట్టం బయటికి వెళ్లి కూర్చున్నాను. మూడోనాడు దొరసాని పడి దొర్లింది. ఈసారి నేను లేపలేదు. దాని పక్కన కూర్చున్నాను, చెయ్యి వేయబోతే నన్ను నమ్మి తల నా తొడ మీద పెట్టింది. అలాగే పోయింది. దాని తర్వాత ఇంకో రెండు.

ఉత్తరాలు తెచ్చేవాడితో కబురు పంపితే మేనేజరు వచ్చాడు. దిబ్బ వేడెక్కడం లేదని చెప్పాను. చెంప మీద కొట్టాడు. పనికిరానివాడా అన్నాడు. బాలమ్మా, ఆ మాట కోసమే కదా మనం చూసింది. పాసు ముఖాన విసిరాడు.

ఇంత వరకే అయితే నిన్ను పట్టుకొని ఏడ్చి మరిచిపోయేవాణ్నేమో. నా బదులు మేస్త్రీ ఇంకొకణ్ని పైకి పంపాడు. పెద్దమందడి ఊరి ఇస్రాయేలు, మన గుంపువాడే, నాకన్నా చిన్నవాడు. మూట దించుతూనే, "అన్నా, నీళ్లు గడ్డకట్టకుంట పెంటను ఎట్లనో వేడి జేస్తుంటివంట గద. జర నాకు గూడ జెప్పే, పుణ్యముంటది" అని అడిగాడు. చొక్కా జేబులోంచి పిల్లల ఫొటో తీసి చూపించాడు.

చెబితే గాడిదలు బతుకుతాయి, వాడు నాలాగే అక్కడే ఉండిపోతాడు. చెప్పకపోతే అవి దాహంతో పోతాయి, వాడు దెబ్బలు తిని ఎప్పుడో ఇల్లు చేరతాడు. నిన్ను అడగాలనుకున్నాను. నీ జవాబు వచ్చేసరికి నెల అవుతుంది, నీళ్లు గడ్డకట్టకుండా అన్నాళ్లు ఆగవు.

"నాకు తెల్వదు తమ్మీ" అన్నాను.

వాడు నమ్మాడు. గడ్డపార తీసుకొని డ్రమ్ము దగ్గరికి పోయాడు. గాడిదలు వాణ్ని వదిలి నా వెంట వచ్చాయి. రాళ్లు విసిరి వెనక్కి తోలాను.

నువ్వు చెప్పినట్టే చేశాను, నిన్ను తప్పుపట్టడం లేదు. పాపం నీ పేరున రాయమని అడగనూ లేదు. బిడ్డ నన్ను చూసి భయపడితే బలవంతంగా నా చేతుల్లో పెట్టకు, దానంతట అదే రానీ. ఇంకొక్కటి. మన బర్రె ఉందో, అమ్మేశావో తెలియదు. ఉంటే దానికి నీళ్లు నువ్వే పెట్టు. నన్ను పెట్టమనకు.

దేవదాసు.