బట్టీ ముందు నా చెమట

అక్కా,

ఇది నీకొక్కదానికే రాస్తున్నాను, అమ్మకు చెప్పకు. గాజు కార్ఖానాలో చేరిన మొదటి రోజే, గొట్టం చివర కరిగిన గాజు ముద్దను తిప్పుతూ తిప్పుతూ కళ్ళు తిరిగి పడిపోయాను. తెలివొచ్చేసరికి మాకు పని నేర్పే మేస్త్రమ్మ నా మెడ మీద తడిగుడ్డ వేసి విసురుతోంది. "రేపటి నుంచి బట్టీ ముందు కాసేపే నిలబడు. మిగతా పూట వరండాలో గ్లాసులు తుడువు. రోజూ కాస్త పెంచుకుంటూ పోదాం" అంది. తల కొట్టేసినట్టయింది. రోజంతా నిలబడేవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే పసిపిల్లలా బయట కూర్చుంటున్నాను. లోపలికెళ్తే గుండెదడ, తలనొప్పి. ఈ ఒళ్ళు ఈ పనికి పుట్టలేదు. వారం గడవగానే నీ దగ్గరికి వచ్చేస్తాను.

నీ చెల్లి

బంగారు అక్కా,

రాలేదని కోపంగా ఉన్నావా? కారణం చెబితే నవ్వుతావు. నా చెమట మారిపోయింది.

మొదట్లో ఒళ్ళంతా సెగలెక్కితే గానీ చెమట పట్టేది కాదు. తర్వాత్తర్వాత బట్టీ ముందు నిలబడ్డానో లేదో వీపు తడిసిపోవడం మొదలైంది. భయపడి మేస్త్రమ్మను అడిగాను. "మంచిదే. ఒళ్ళు కాగకముందే చల్లార్చుకోవడం నేర్చింది. నీళ్ళు మాత్రం ఎక్కువ తాగు. ఏదీ, నాలుకతో చూడు" అంది. పెదవి మీది చెమట చూశాను. ఉప్పదనం తగ్గింది. ఉప్పును ఒళ్ళే లోపల దాచుకుంటోందట. అదే బట్టీ, అదే సెగ, గుండె మాత్రం కుదురుగా కొట్టుకుంటోంది. నేను వరండాలో కూర్చుని ఏడ్చిన రోజుల్లో నాకు తెలియకుండా నాలోనే ఇంత పని జరిగిందా అక్కా? చెయ్యి చాచి నా చెయ్యినే కొత్తగా చూసుకున్నాను.

ఆ తర్వాత మేస్త్రమ్మ తన కూతురి పురిటికని సెలవు పెట్టి నెల దాటాక నిన్న వచ్చింది. బతుకంతా బట్టీ ముందే గడిపిన మనిషి. కాసేపు గాజు ఊది, గొట్టం నా చేతికిచ్చి, వరండాలోకి వెళ్ళి గ్లాసులు తుడుస్తూ కూర్చుంది.

"మీకెందుకమ్మా ఇది?" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఇంట్లో చల్లగా ఉన్నా కదే. ఒళ్ళు నేర్చిందంతా మర్చిపోయుంటుంది. మళ్ళీ మెల్లగా నేర్పుకోవాలి" అంది, సిగ్గేమీ పడకుండా.

నేను లోపలికి వెళ్ళి మొదటిసారి మేస్త్రమ్మ చోట పూర్తి పూట నిలబడ్డాను. ఇక రాను. నువ్వే ఒకసారి ఇటు రా. వచ్చిన రోజే మాత్రం బట్టీ దగ్గరికి రానివ్వను. గుమ్మం దగ్గర నిలబెట్టి, రోజుకు కాస్త చొప్పున లోపలికి తీసుకెళ్తాను.

చెమటలో తడిసి ముద్దయిన
నీ చెల్లి