బుగ్గల మీది మెరుపు

గంగామణీ,

నా ఫొటో పంపుమని మళ్ల అడగకు. దోహా ఎండకు నల్లబడ్డనని నువ్వు మన ఊరి జలంధర్‌తోని పంపిన తెల్లబడే క్రీము రోజూ రాసిన. ఇప్పుడు ముఖమంతా మొటిమలు, చీము. డ్యూటీల హెల్మెట్ పట్టీ తాకితే నెత్తురొస్తంది.

క్యాంపు నర్సు ఆ ట్యూబు చూసి, "డాక్టర్ చెప్పకుండ ఇదెవరిచ్చిండ్రు?" అని హిందీల తిట్టింది. నీ పేరు చెప్పలే. రేపు చర్మం డాక్టర్ దగ్గరికి పొమ్మన్నది. రాసినయన్నీ చూపియ్యాల్నట, ఖాళీ ట్యూబులు గూడ సంచిల ఏసుకున్న.

మొన్న నువ్వు పంపిన ఫొటోల బిడ్డ బుగ్గలు ఎర్రగ మెరుస్తున్నయి. రంగు తేలిందని మురిసి రాసినవు. దానికి గూడ ఇదే రాస్తున్నవా? నిజం చెప్పు, కోపం చెయ్య. ట్యూబు పట్టుకొని, బిడ్డను ఎత్తుకొని జగిత్యాల డాక్టర్ దగ్గరికి పో.

నా బుగ్గలు గూడ ముందుగాల అట్లనే మెరిసినయి.

బిడ్డ బాపు