ఆదివారం సాక్ష్యానికి ముందు

విజయనగరం,
ఆగస్టు 2017

ప్రియమైన నాన్నకు,

ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేనని రాస్తున్నాను. వచ్చే ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూటమని, రోగం పోయిందని నువ్వు లేచి సాక్ష్యం చెబుతావని అమ్మ చెప్పింది. బ్యానరు కూడా నువ్వే రాస్తున్నావట. ఇన్నేళ్లు బొబ్బిలంతా బోర్డులు రాసిన చెయ్యి మళ్లీ బ్రష్షు పట్టిందని అమ్మ సంబరపడుతోంది. నేను సంబరపడలేకపోయాను.

నాన్నా, విశాఖలో నీ మూత్రసంచిలోంచి గీకి తీసిన క్యాన్సరు గడ్డలో చిన్న ముక్కను జన్యు పరీక్షకు పంపారు. ఫలితం డాక్టరుగారు నాకూ అన్నయ్యకూ చెప్పారు. గడ్డ అప్పటికి పైపొరలు దాటలేదట. కానీ దాని జన్యువుల్లో కనబడిన మార్పులు మంచివి కావట. అలాంటి గడ్డలు చాలామందిలో తిరిగొచ్చి, కండలోకి దిగుతాయట. మూత్రసంచిని ఇప్పుడే తీసేయడం మంచిదన్నారు. తీసేస్తే బతికినన్నాళ్లూ పొట్ట మీద బయట మూత్రం పట్టే సంచి తగిలించుకోవాలి.

స్టాన్లీ అన్నయ్య ఆసుపత్రి మెట్ల మీదే నన్ను ఆపేశాడు. "నాన్నకి సెప్పకే. బెంగతోనే పోతాడు. కొన్నాళ్లు నవ్వనీ" అని ఏడ్చాడు. వాడి మీద నాకు కోపం లేదు. కానీ జరగనిదానికి నువ్వు దేవుడి ముందు సాక్ష్యం చెబుతుంటే నేను బెంచీలో కూర్చోలేను. శరీరం నీది. నిర్ణయమూ నీదే.

నీ చిన్నమ్మ,
షాలిని

బొబ్బిలి

చిన్నమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇద్దరి మీదా కోపమొచ్చింది. మర్నాడు ఒక్కడినే విశాఖ బస్సెక్కాను. "బాబూ, ఆ పరీక్షలో నా సావు రాసి ఉన్నాదేటి?" అని డాక్టరుగారిని అడిగాను. "లేదు పెద్దాయనా. ఎక్కువమందికి ఏమవుతుందో చెబుతుంది. మీకేమవుతుందో చెప్పలేదు" అన్నారు. వస్తుందో రాదో తెలియని గడ్డ కోసం కోయించుకోవాలా అని తిరిగొచ్చే దారంతా ఆలోచించాను. బస్సు విజయనగరంలో ఆగినా దిగలేదు. దిగితే నీ మొహం చూసి నిర్ణయించేవాణ్ని.

ముందు మీ అమ్మకు చెప్పాను. కూటం ఆపలేదు. ఆదివారం లేచి, "రోగం పోనేదు. పోతాదో నేదో డాక్టరుకీ తెల్దు. నేను కోయించుకుంటన్నాను" అన్నాను. ఆడవాళ్ల వైపు నుంచి మీ అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. తర్వాత పాస్టరుగారితో, "సంచి వాసనొస్తే ఎనక బెంచీలో కూకుంటాను" అన్నాను. "నీ సోటు నీదే ఏసుదానం. ఎనక్కెళ్తే నేనొప్పను" అన్నారాయన. అప్పుడు ఏడ్చాను.

మంగళవారం ఆసుపత్రిలో చేరుతున్నాను. స్టాన్లీని ఏమీ అనకు. సంచి మార్చడం ఇంట్లో ఒకరు నేర్చుకోవాలట. మీ అమ్మకు చేతులు వణుకుతాయి. కూతురి చేత అలాంటి పని చేయించుకోవడమేమిటని ముందు సిగ్గుపడ్డాను. నిజం చెప్పిన పిల్ల దగ్గర సిగ్గేమిటని ఇప్పుడు అడుగుతున్నాను. నేర్చుకుంటావా?

మీ నాన్న,
ఏసుదానం